పువ్వు రాలాక మిగిలే అందం

పువ్వు విచ్చుకున్న రోజున ఇంటిల్లిపాదీ వచ్చి చూస్తారు. అదే పువ్వు వాడి, రేకులు రాలి, కాడ చివర ఓ కాయ మిగిలిందనుకోండి, "ఇంకా ఎందుకా మొక్క, పీకి పారెయ్యరాదూ?" అంటారు. మనమూ పీకేస్తాం. కుండీ ఖాళీ అవుతుంది. మళ్లీ నర్సరీకి పరుగు, మళ్లీ డబ్బు. చాలా ఇళ్లలో పూలమొక్కల కథ ఇంతే.

కానీ కొన్ని మొక్కలున్నాయి. వాటికి పువ్వు సగం అందమే. మిగతా సగం పువ్వు రాలాకే మొదలవుతుంది. బుడగలా ఉబ్బిన కాయలు, గీతలు దిద్దిన కాయలు, వెండి కుచ్చుల్లాంటి కంకులు, ముక్కు తెరిచిన పిచ్చుకపిల్లల్లా కాడ పొడుగునా వరసగా నిలబడే కాయలు. వీటిని వేళకి కోసి, పద్ధతిగా ఆరబెడితే ఏడాది పొడుగునా జాడీలో నిలబడతాయి. నీళ్లు మార్చక్కర్లేదు, రోజూ కొనక్కర్లేదు. పైగా వాటిలోనే వచ్చే ఏడాదికి కావలసిన గింజలు కూడా ఉంటాయి.

ఇవన్నీ ఒక్క రుతువులో మొలిచి, పూసి, గింజ కట్టి పోయేవి. నర్సరీల వాళ్లు 'సీజనల్స్' అంటారే, అవీ, వాటితోపాటు మన పెరటి పంటల్లో, కంచెల మీద పెరిగేవీను. పెద్ద తోటలు అక్కర్లేదు. డాబా మీద పది కుండీలుంటే చాలు. నేను మొదలుపెట్టినది అంతకంటే తక్కువతోనే.

ఎండినవి ఇంట్లోనా?

మీలో చాలామందికి ఈపాటికి వచ్చిన సందేహం నాకు తెలుసు. ఎండిపోయిన పూలు ఇంట్లో ఉంచుకుంటారా ఎవరైనా? దేవుడి దగ్గర పెట్టిన పువ్వునే మర్నాటికి నిర్మాల్యం అని తీసేస్తాం. అలాంటిది ఎండు కాడలు తెచ్చి ముందు గదిలో పెట్టడమేమిటి?

మా అత్తయ్యగారు మొదటిసారి ఆ కట్టలు చూసి అన్న మాట కూడా ఇదే. "ఇదేం చోద్యం అమ్మాయ్, ఎండిపోయినవాటిని ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా?" అన్నారు. ఆవిడ మాటని నేను తేలిగ్గా తీసేయలేదు. ఎందుకంటే ఆ మాట వెనక ఓ లెక్క ఉంది. వాడిన పువ్వు కుళ్లుతుంది, పురుగు పడుతుంది. ఇల్లు శుభ్రంగా ఉండాలనుకున్న ఏ ఆడదైనా దాన్ని తీసి బయట పారేస్తుంది. అందులో తప్పేముంది?

అయితే అదే మా అత్తయ్యగారింట్లో, గోదావరి జిల్లాల్లో ఎన్నో ఇళ్లలో, కొత్త పంట రాగానే వరి కంకుల్ని జడలా అల్లి కుచ్చు కట్టి వసారాలో వేలాడదీసేవారు. పిచ్చుకలొచ్చి ఆ గింజలు తినేవి. గుళ్లలో ఇప్పటికీ కనిపిస్తాయి ఆ కుచ్చులు. మరి అవి ఎండినవే కదా? వాటిని ఎవరూ అశుభం అనలేదు. పైగా ఇంటికి కళ అన్నారు. తేడా ఎక్కడుందంటే, వాడిన పువ్వు అయిపోయినది. గింజతో ఉన్న కంకి రాబోయేది. ఈ మాటే నేను అత్తయ్యగారితో అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. కాకపోతే కట్టని తీసి బయట పడెయ్యనూ లేదు.

అంతకన్నా పెద్ద విషయం ఒకటి ఆవిడ మనసులో ఉందని నాకు తర్వాత తెలిసింది. అది చివర్లో చెప్తాను. ముందు మొక్కల సంగతి చూద్దాం.

వంటింటి నల్ల జీలకర్రకి అక్క

ఎండు కాయల కోసం ప్రపంచమంతా పెంచే పూలమొక్కల్లో మొదట చెప్పవలసినది నైజెల్లా. ఇంగ్లిషు వాళ్లు 'లవ్ ఇన్ ఎ మిస్ట్' అంటారు. నీలం రంగు పువ్వు చుట్టూ దారాల్లాంటి సన్నని ఆకులు పొగమంచులా అల్లుకుని ఉంటాయి, అందుకా పేరు. మనం నల్ల జీలకర్ర అనీ, హైదరాబాదు వాళ్లు కలోంజీ అనీ వాడే గింజ ఉందే, ఆ మొక్కకి ఇది దగ్గర బంధువు. మధ్యధరా సముద్ర తీరాల మొక్క. పువ్వు రాలాక కాయ చిన్న బుడగలా ఉబ్బుతుంది. దాని మీద నిలువుగా ఊదారంగు చారలు, నెత్తిన కొమ్ముల్లాంటి మొనలు. చూసినవాళ్లు పువ్వు సంగతి మరిచిపోతారు.

ఇది చలికాలపు మొక్క. మా రాజమండ్రి వైపు వానలు వెనకబట్టాక, నవంబరు మధ్యలో చల్లితే బాగుంటుంది. హైదరాబాదు, వరంగల్లు వైపు అక్టోబరులోనే చల్లుకోవచ్చు. దీనికి ఒకచోట మొలిచి మరోచోట నాటించుకోవడం గిట్టదు. అందుకని పెంచదలచుకున్న కుండీలోనే గింజ చల్లాలి. గింజల్లో గుప్పెడు ఇసుక కలిపి చల్లితే ఒకేచోట గుంపుగా పడవు. మొలిచాక జానెడు ఎడం ఉంచి మిగతావి తీసేయాలి. తీసేయడానికి చెయ్యి రాదు, నాకు తెలుసు. కానీ తీయకపోతే అన్నీ బక్కచిక్కిపోతాయి, కాయ బఠాణీ అంత కూడా కాదు.

గింజ దొరకనివాళ్లు నిరుత్సాహపడక్కర్లేదు. వంటింటి కలోంజీ గింజలే, వేయించనివి, కొత్తవి చల్లి చూడండి. పువ్వు లేత రంగులో ఉంటుంది, చుట్టూ ఆ పొగమంచు ఆకులుండవు, కాయ కాస్త చిన్నది. అయినా ఎండాక అందంగానే ఉంటుంది. గింజలు పచ్చట్లోకీ పనికొస్తాయి.

కంచె మీది బుడ్డకాకర

విదేశీ పేర్లు చెప్పాను కదా అని మన దగ్గర లేవనుకునేరు. వానలు పడగానే కంచెల మీద, రైలు కట్టల పక్కన తనంతట తానే పాకే బుడ్డకాకర తీగని చూసే ఉంటారు. ఆవగింజంత తెల్లపూలు ఎవరికీ కనిపించవు. ఆ తర్వాత వచ్చే కాయలు మాత్రం మూడు పలకల ఆకుపచ్చ కాగితపు లాంతర్లలా ఉంటాయి. ఎండితే గోధుమ రంగు. చిన్నప్పుడు నుదుటి మీద కొట్టుకుని 'టప్'మనిపించని పిల్లలున్నారా?

ఒక్కో కాయలో మూడు నల్లని గింజలు. ప్రతి గింజ మీదా తెల్లగా హృదయం ముద్ర. ఎవరో కుంచెతో దిద్దినట్టే ఉంటుంది. దీని శాస్త్రీయ నామం కార్డియోస్పెర్మమ్. గ్రీకు భాషలో 'హృదయం', 'గింజ' అనే రెండు మాటలు కలిపి పెట్టిన పేరది.

జూన్‌లో తొలకరికి నాలుగు గింజలు పెట్టి, కిటికీ ఊచలకో, తాడుకో పాకించండి. కాయలు ఆకుపచ్చ నుంచి గడ్డి రంగుకి తిరుగుతున్నప్పుడు తీగతో సహా కోయాలి. పూర్తిగా ఎండనిస్తే ముట్టుకోగానే పొడవుతాయి. తీగ పచ్చిగా ఉండగానే బిందె కింద పెట్టే చుట్టకుదురులా చుట్ట చుట్టి ఆరబెడితే, ఎండాక అదే గుమ్మానికి తగిలించుకునే దండ అవుతుంది. మా పాప గది తలుపుకి ఉన్నది అదే.

గునుగు, కోడిజుట్టు, బొగడబంతి

తెలంగాణ ఆడపడుచులకి గునుగు గురించి నేను చెప్పేదేముంది? బతుకమ్మకి గునుగు లేకపోతే ఎలా? చేలల్లో కలుపుగా మొలిచే మొక్క, పండగ తొమ్మిది రోజులూ రాజ్యమేలుతుంది. వరంగల్లులో ఉన్న మా వదిన ఆ కంకుల కొనలు రంగునీళ్లలో ముంచి వరసలు పేరుస్తుంటే చూడాలి. పండక్కి కోయగా మిగిలిన గునుగుని ఓ కట్ట కట్టి నీడలో వేలాడదీయండి. ఆ వెండి మెరుపు నెలల తరబడి పోదు.

దాని బంధువే కోడిజుట్టు. సీతమ్మ జడ అని కొందరు, పట్టుకుచ్చు అని కొందరు, ఒక్కో ఊళ్లో ఒక్కో పేరు. ముదురు ఎరుపు మఖమల్ గుడ్డని కుచ్చిళ్లు పోసినట్టుంటుంది. జూన్, జూలైలో చల్లితే దసరా నాటికి నిండుగా పూస్తుంది. పువ్వు అడుగుభాగంలో నలుపెక్కి మెరిసే గింజలు కనిపించినప్పుడు కోయాలి. ఆవగింజ కన్నా చిన్న గింజలు. కట్ట కింద గుడ్డ పరిస్తే వాటంతట అవే రాలతాయి.

బొగడబంతి సంగతి మరీ తేలిక. ఆ గుండ్రటి పూలలో రంగుగా కనిపించేవి మెత్తటి రేకులు కావు, కాగితంలా గలగలలాడే పొరలు. మొక్క మీద ఉన్నప్పుడే అవి సగం ఎండినట్టుంటాయి. అందుకే రంగు పోదు. మొదటిసారి ప్రయత్నించేవాళ్లు దీనితో మొదలుపెడితే ఉత్సాహం చెడదు.

పెరట్లో పంటలు పనికిరావా?

పనికిరాకేం! మనం 'ముదురు బెండకాయ' అని ఎగతాళి చేస్తామే, ఆ ముదురు బెండకాయని మొక్క మీదే ఎండనిచ్చి చూడండి. కోణాల వెంట చీలి, చెక్కతో చెక్కిన పువ్వులా విచ్చుకుంటుంది. కూరకి పనికిరాని వయసు వచ్చాకే దానికా రూపం వస్తుంది. నలభైకి దగ్గర పడుతున్న నాకు అది చూస్తే కాస్త ధైర్యంగా కూడా ఉంటుంది లెండి.

నువ్వు మొక్క ఇంకా బాగుంటుంది. పొట్టు తీయని, వేయించని నువ్వులు చిటికెడు చల్లితే చాలు. మూడు నాలుగడుగులు ఎదుగుతుంది. కాడ పొడుగునా కాయలు నిటారుగా నిలబడతాయి. ఎండగానే కొనలు తెరుచుకుని గింజ రాల్చేస్తాయి. అందుకే రైతులు అడుగు కాయలు పసుపు తిరగ్గానే మొక్క కోసి కట్టలు నిలబెడతారు. మనమూ అంతే చెయ్యాలి.

కొర్ర కంకి నక్కతోకలా వంగుతుంది, సజ్జ కంకి కొవ్వొత్తిలా నిలబడుతుంది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక ఈ పేర్లు మళ్లీ అందరి నోళ్లలోనూ పడ్డాయి. వీటిని గింజ పాలు పోసుకుని గట్టిపడుతున్న దశలో కోస్తే ఎండాక గింజ రాలదు. పూర్తిగా పండాక కోస్తే ఇల్లంతా గింజలే.

పొద్దుతిరుగుడు పువ్వులో చిన్న రకాలు ఎంచుకోండి. రేకులు రాలిన తర్వాత మధ్యనున్న గింజల వరసలు ఓసారి పిల్లల చేత లెక్కపెట్టించండి. ఒకవైపు తిరిగే సుడులు 34 ఉంటే రెండోవైపు తిరిగేవి 55 ఉండటం తరచు కనిపిస్తుంది. లెక్కల మాష్టారు చెప్పే ఫిబొనాచీ సంఖ్యలు ఇవే. గింజ గట్టిపడుతున్నప్పుడు పల్చటి గుడ్డ కట్టకపోతే చిలకలకి విందే.

ఇక పత్తికాయ. దూది తీసి వత్తులు చేసుకున్నాక మిగిలే ఆ తొడిమ ఉందే, నాలుగైదు రేకుల చెక్కపువ్వు. పారేయకండి.

కాయల కోసం పెంపకంలో తేడా

పూల కోసం పెంచేటప్పుడు వాడిన పువ్వుని ఎప్పటికప్పుడు తుంచేయమంటారు. గింజ కట్టనివ్వకపోతే మొక్క మళ్లీ మళ్లీ పూస్తుంది. కాయలు కావాలంటే తుంచకూడదు. రెండూ కావాలంటే అయిదు మొక్కల్లో మూడింటిని పూలకీ, రెండింటిని కాయలకీ వదిలేయండి. ఏవి వదలాలో గుర్తుకి దారం కట్టండి. లేకపోతే ఇంట్లో ఎవరో ఒకరు శుభ్రం చేస్తున్నామనుకుని తుంచేస్తారు.

మట్టి తేలిగ్గా ఉండాలి. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపితే చాలు. యూరియా జోలికి వెళ్లకండి. ఆకు మీద ఆకు వేస్తుంది, కాడ మెత్తబడి వాలిపోతుంది, కాయ ఆలస్యమవుతుంది. ఎండ మాత్రం రోజుకి అయిదారు గంటలు తగలాలి. కాయ ముదురుతున్న కొద్దీ నీళ్లు తగ్గిస్తూ రావాలి.

కోయడం, ఆరబెట్టడం

అసలు కిటుకంతా కోసే వేళలో ఉంది. మరీ లేతగా కోస్తే ముడుచుకుపోతుంది. మరీ ఆలస్యమైతే పగిలి గింజలు చిమ్ముతుంది. కాయ రంగు తిరగడం మొదలైందంటే వేళయిందన్నమాట. పొద్దున్నే మంచు తడి ఉండగా కోయకండి. ఎండ వచ్చి తడి ఆరాక, పదీ పదకొండు గంటల మధ్య కోయండి. కాడ వీలైనంత పొడుగ్గా ఉంచి, ఆకులన్నీ దూసేయండి. ఆకుల్లోని తడి వల్లే బూజు పడుతుంది.

ఎనిమిది, పది కాడలకి మించకుండా కట్టలు కట్టండి. పెద్ద కట్ట కడితే మధ్యవి ఆరవు. దారం కన్నా రబ్బరు బ్యాండు మంచిది. కాడలు ఎండుతుంటే సన్నబడతాయి. దారం వదులై ఒక్కొక్కటే జారిపడతాయి, రబ్బరు బ్యాండు తనూ బిగుసుకుంటుంది. కట్టల్ని తలకిందులుగా వేలాడదీయాలి. నిటారుగా పెడితే ఎండే లోపు కాడలు మెడలు వాలుస్తాయి.

ఎండలో పెడితే త్వరగా ఆరుతుందిగా అంటారేమో. వడియాల పద్ధతి వీటికి పనికిరాదు. ఎండ రంగుని తినేస్తుంది. గాలి ఆడే చీకటి చోటు కావాలి. మా ఇంట్లో మేడమెట్ల కింద దండెం కట్టాను. అటక కింద మేకులు కొట్టుకున్నా సరే. వంటగది మాత్రం వద్దు, ఆవిరి తగులుతుంది. గాలిలో తడి ఉండే మా గోదావరి వైపు రెండు మూడు వారాలు పడుతుంది. హైదరాబాదులాంటి పొడి ఊళ్లలో ఇంకా తొందరగానే అవుతుంది. కాడ విరిస్తే పుల్లలా 'టిక్'మనాలి. వంగిందంటే ఇంకా తడి ఉన్నట్టే.

వానాకాలంలో కోసినవి ఆరడం కష్టం. అలాంటప్పుడు ఫ్యాను కింద రెండు రోజులుంచి ఆ తర్వాత వేలాడదీయండి. మందుసీసాల్లో, కొత్త బ్యాగుల్లో వచ్చే తేమ పీల్చే చిన్న పొట్లాలుంటాయి చూడండి, అవి పారేయకుండా దాచి, ఎండు కట్టలు పెట్టిన అట్టపెట్టెలో వేయండి. పిల్లల చేతికి మాత్రం అందనివ్వకండి. ఎండు గింజలకి చిన్న గోధుమరంగు పెంకుపురుగు పట్టే ప్రమాదం కూడా ఉంది. అడుగున సన్నటి పొడి రాలుతోందంటే అదే. ఆ కట్టని గాలి చొరబడని కవర్లో చుట్టి ఫ్రిజ్ పైఅరలో, మంచు గడ్డకట్టే చోట, ఓ వారం ఉంచితే పురుగు చస్తుంది.

జాగ్రత్త పడవలసినవి

అందంగా ఉన్నాయి కదా అని అన్నీ ఇంట్లోకి తేకూడదు. ఉమ్మెత్త కాయ ముళ్లతో గుండ్రంగా ఎంతో బాగుంటుంది. కానీ మొక్కంతా విషమే. ఆముదం గుత్తులు, గురివింద కాయలు కూడా అంతే. పసిపిల్లలున్న ఇంట్లో ఒక్క గింజ నోట్లోకి వెళ్లినా ప్రమాదం. తేలుకొండికాయని గరుడముక్కు అని కూడా అంటారు. దీని నల్లటి కాయ రెండు కొక్కేలతో చెక్కినట్టుంటుంది. విషం సంగతి అటుంచి, ఆ కొక్కేలు సూదుల్లా గుచ్చుకుంటాయి. చేతికందనంత ఎత్తులో పెట్టండి.

మరొకటి ముఖ్యంగా చెప్పాలి. విదేశీ పుస్తకాల్లో ఎండు పూల బొమ్మల్లో కిరీటం పెట్టుకున్న గుండ్రటి కాయ ఒకటి తప్పకుండా ఉంటుంది. అది గసగసాల కాయ. గసగసాలు మనం కూరల్లో వాడుకుంటాం, కొనుక్కోవడంలో తప్పులేదు. కానీ ఆ మొక్క నల్లమందు మొక్క. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా పెంచడం నేరం. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వం అనుమతించిన రైతులు మాత్రమే పండిస్తారు. కుండీలో నాలుగు మొక్కలే కదా అనుకోకండి.

ఇంకొక్క మాట. ఎండిన ప్రతిదీ మంటకి మేతే. దీపారాధన దగ్గర, గ్యాసు పొయ్యి దగ్గర, దీపావళి రోజు గుమ్మం పక్కన పెట్టకండి.

ఎలా అమర్చుకోవాలి?

దీనికి ఖరీదైన పూలకుండీలు కొననక్కర్లేదు. అటక మీదున్న పాత ఇత్తడి చెంబు, అంచు విరిగిన పచ్చడి జాడీ, మట్టి ముంత, ఏదైనా సరే. అడుగున గుప్పెడు ఇసుక పోస్తే కాడ కదలదు, గాలికి పడిపోదు. పొడుగు కంకులు వెనక, గుండ్రటి కాయలు మధ్యలో, కోడిజుట్టులాంటి బరువైనవి ముందు కిందుగా. రంగులు పులమకండి. గడ్డి రంగు, వెండి తెలుపు, ముదురు ఎరుపు, ఈ మూడు చాలు. దుమ్ము పడితే మెత్తటి బ్రష్షుతో దులపండి. ఏడాదయ్యాక మొహమాటపడకుండా ఎరువు గుంటలో వేసి కొత్తవి పెట్టుకోండి.

ఎండు పూలూ కాయలూ మన దేశం నుంచి విదేశాలకి కూడా వెళ్తున్నాయి. తూత్తుకుడి, కోల్‌కతా ఈ వ్యాపారానికి పేరుపడ్డ ఊళ్లు. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ పూలని ఆరబెట్టే పద్ధతుల మీద ఎంతో పని చేసింది, శిక్షణ కూడా ఇచ్చింది. అలాగని రేపే వ్యాపారం మొదలుపెట్టమని నేను చెప్పను. ముందు మీ ఇంటికి, తర్వాత మీ వాళ్లకి కానుకగా. ఒకటి రెండు రుతువులు చెయ్యి తిరిగాక మిగతా సంగతి ఆలోచించవచ్చు.

గింజ ఎవరిదైనా కావచ్చు

అత్తయ్యగారి సంగతి చెప్తానన్నాను కదా. మామయ్యగారు పోయాక ఆవిడ పూలమొక్కల వైపు రావడం మానేశారు. అంతకు ముందు పొద్దున్నే సజ్జ పట్టుకుని పెరడంతా తిరిగిన మనిషి. "నాకెందుకమ్మా పూలు?" అనేవారు. పేరంటాలకి పిలుపు రాదు. ఇంట్లో పేరంటం పెడితే ఆవిడే లోపలి గదిలోకి వెళ్లి కూర్చునేవారు. ఈ ఆచారం నాకు నచ్చదు. నచ్చదని ఎన్నోసార్లు చెప్పాను. "నీకేం తెలుసు, ఊరుకో" అని నన్నే కసిరారు.

ఒక మధ్యాహ్నం నేను నైజెల్లా కాయలు చిదుపుతుంటే వచ్చి పక్కన కూర్చున్నారు. "అలా చేత్తో చిదిపితే సగం పొల్లే వస్తుంది" అని చేట తెప్పించుకున్నారు. పల్లెటూళ్లో ముప్ఫై ఏళ్లు ధాన్యం చెరిగిన చెయ్యి. నాలుగు విసుర్లలో పొట్టు ఒకవైపు, గింజ ఒకవైపు. బీర గింజలు, బెండ గింజలు బూడిదలో కలిపి మట్టి ముంతలో దాచడం, మధ్యలో ఎండు వేపాకు వేయడం, అమావాస్యకోసారి తీసి ఎండ చూపించడం, అన్నీ ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు. ఆవిడ అంతసేపు మాట్లాడి ఎన్నాళ్లయిందో!

"పూలు ముట్టుకోనన్నారుగా అత్తయ్యగారూ" అన్నాను నవ్వుతూ.

"ఇవి పూలెందుకవుతాయే, గింజలు. గింజకి ఆ పట్టింపు లేదు" అన్నారు ఆవిడ.

ఆ రోజు నుంచి మా ఇంట్లో గింజల పెట్టె ఆవిడది. కాగితం పొట్లాలు మడిచేది ఆవిడే, దాని మీద మొక్క పేరు, తీసిన నెల రాసేది మా పాప. పోయిన శ్రావణ మాసంలో వాయినం పళ్లెంలో పసుపు, కుంకుమ, శనగలతో పాటు ఒక్కొక్కరికీ ఓ గింజల పొట్లం పెట్టాను. ఆవిడ పేరంటంలోకి రాలేదు. ఆ పట్టుదల ఇంకా అలాగే ఉంది. కానీ ఆవిడ మడిచిన పొట్లాలు వచ్చినవాళ్లందరి ఇళ్లకీ వెళ్లాయి. దసరాకి పక్కవీధిలో ఒకావిడ ఇంటికొచ్చి, "మీ అత్తగారి కోడిజుట్టు మా ఇంట్లో పూసిందండీ" అని చెప్పి వెళ్లారు. లోపలి గదిలోంచి అత్తయ్యగారు, "కాయలకి రెండు మొక్కలు వదలమని చెప్పు" అన్నారు.

గింజ దాచేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ప్యాకెట్ మీద హైబ్రిడ్ అనీ, ఎఫ్-1 అనీ ఉన్నవాటి గింజ దాచి వేస్తే తల్లి మొక్కలాంటివే వస్తాయన్న నమ్మకం లేదు. నాటు రకాలు, ఇరుగుపొరుగు ఇచ్చినవి అయితే ఏళ్ల తరబడి నడుస్తాయి. గింజ తీసే కాయని మాత్రం మొక్క మీదే పూర్తిగా పండనివ్వండి. ఒకటి రెండేళ్లలోపు వాడేయండి.

ఎప్పుడేం చల్లాలి?

మరిచిపోకుండా ఈ వరసలు కత్తిరించి వంటింటి తలుపుకి అంటించుకోండి.

జూన్, జూలై: కోడిజుట్టు, గునుగు, బొగడబంతి, బుడ్డకాకర, బెండ, కొర్ర, సజ్జ.

అక్టోబరు, నవంబరు: నైజెల్లా, కలోంజీ, పొద్దుతిరుగుడు.

జనవరి చివర, ఫిబ్రవరి: నువ్వు.

కోత: వానాకాలం వేసినవి దసరా నుంచి సంక్రాంతి దాకా, చలికాలం వేసినవి ఫిబ్రవరి, మార్చి నెలల్లో, నువ్వు వేసవి మధ్యలో.

గింజ దొరకడం కష్టమేమీ కాదు. మాకు కడియం నర్సరీలు దగ్గర. మీ ఊళ్లో విత్తనాల దుకాణం ఉంటుంది, లేకపోతే పోస్టులో తెప్పించుకోవచ్చు. ఏదీ కుదరకపోతే మీ వంటింటి డబ్బాలు వెతకండి. నువ్వులు, కొర్రలు, కలోంజీ ఎక్కడికీ పోలేదు. పొట్టు తీయనివి, వేయించనివి అయితే చాలు. ఓ కుండీ తీసుకుని చల్లండి. పువ్వు రాలగానే మాత్రం తొందరపడి పీకేయకండి, మరో నెల ఆగి చూడండి.